ఫిబ్రవరి 11: బీటిల్స్ చరిత్రలో ఒక తేదీ

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టి ప్రపంచమంతా మోగిన రాక్ బృందం బీటిల్స్ చరిత్రలో ఫిబ్రవరి 11 పదే పదే తారసపడే తేదీ. 1963లో ఆ రోజున నలుగురూ లండన్‌లోని స్టూడియోలో చేరి, తమ తొలి ఎల్పీకి కావలసిన పాటల్లో చాలా భాగం ఒక్క రోజులో పాడేశారు. 1964లో అదే తేదీన వాషింగ్టన్‌లో తమ మొదటి అమెరికా కచేరీ చేశారు. 1965లో డ్రమ్మర్ రింగో స్టార్ పెళ్లి జరిగింది. 1968లో, భారతదేశానికి బయలుదేరే ముందు, స్టూడియోలో ఒక పాటను మొదలుపెట్టి ఆ రాత్రే ముగించారు. 1970లో బృందం విడిపోయిందన్న సంగతి లోకానికి ఇంకా తెలియకముందే జాన్ లెనన్ వేరే వాద్యగాళ్లతో బి.బి.సి. టెలివిజన్ కెమెరాల ముందు కూర్చున్నాడు.

ఇవన్నీ ఒకే తేదీన పడటం కాకతాళీయం. ఎవరూ ముహూర్తం పెట్టించుకుని చేసినవి కావు. అయినా ఈ రోజుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే బీటిల్స్ పని తీరు ఎలా మారుతూ వచ్చిందో, ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా కనబడనంతగా కనబడుతుంది. ఎనిమిదేళ్లలోపే ఆ కుర్రాళ్లకు ఒక రోజు అంటే అర్థం మారిపోయింది.

1963: పొద్దున పది నుంచి రాత్రి పదిన్నర దాటేదాకా

1962 ఆగస్టులో రింగో వచ్చి చేరడంతో బృందం నలుగురితో స్థిరపడింది. రిథమ్ గిటార్ లెనన్‌ది, బేస్ పాల్ మెకార్ట్నీది, లీడ్ గిటార్ జార్జ్ హారిసన్‌ది, డ్రమ్స్ రింగోవి. ఆ అక్టోబరు 5న విడుదలైన తొలి సింగిల్ 'లవ్ మీ డూ' బ్రిటిష్ పట్టికలో 17వ స్థానం దాకా వెళ్లింది. 1963 జనవరి 11న వచ్చిన రెండో సింగిల్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' దానికంటే చాలా వేగంగా పైకి పోయింది. ఈ పాట వేడి చల్లారకముందే ఎల్పీ అంగళ్లలోకి రావాలని నిర్మాత జార్జ్ మార్టిన్ పట్టుబట్టాడు. ఈఎంఐ కంపెనీలో పార్లఫోన్ అనే చిన్న విభాగాన్ని నడిపే మనిషి ఆయన. లివర్‌పూల్‌లో వీళ్లు పాడే కావర్న్ క్లబ్బుకే యంత్రాలు తీసుకెళ్లి కచేరీని రికార్డు చేద్దామని మొదట అనుకున్నాడు. ఆ నేలమాళిగ రికార్డింగుకు అనువైన చోటు కాదని ఆ ఆలోచన మానుకున్నాడు. క్లబ్బు స్టూడియోకు రాలేదు గనుక, క్లబ్బులో పాడే తీరునే స్టూడియోకు రప్పించాలని నిర్ణయించాడు.

రోజు కుదరడం కూడా తేలిక కాలేదు. అప్పటికి పదహారేళ్ల గాయని హెలెన్ షపీరో ప్రధాన ఆకర్షణగా సాగుతున్న యాత్రలో బీటిల్స్ ఉన్నారు. ఫిబ్రవరి 2న బ్రాడ్‌ఫర్డ్‌లో మొదలైన ఆ యాత్రలో ఊరి నుంచి ఊరికి రోడ్డు ప్రయాణం. ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్ చూసిన అతి కఠినమైన చలికాలాల్లో అదొకటి. వారాల తరబడి దేశమంతా మంచు గడ్డకట్టి ఉంది. ఆ చలిలో తిరిగి తిరిగి లెనన్‌కు గట్టిగా జలుబు చేసింది. ఫిబ్రవరి 11 సోమవారం నాడు యాత్రకు విరామం దొరికింది. ఆ ఒక్క రోజులో పని అయిపోవాలి. మార్టిన్ చేతిలో ఉన్న బడ్జెట్ సుమారు 400 పౌన్లు. సంగీతకారుల సంఘం నిర్ణయించిన రేటు ప్రకారం ఒక్కొక్కరికీ సెషన్‌కు 7 పౌన్ల 10 షిల్లింగులు ముట్టాయి.

పని జరిగింది లండన్ సెయింట్ జాన్స్ వుడ్ ప్రాంతంలో, ఆబీ రోడ్ మీద 3వ నంబరు భవనంలో. అప్పట్లో దాని పేరు ఈఎంఐ స్టూడియోలు. ఎత్తయిన కప్పున్న రెండో నంబరు స్టూడియోలో వాళ్లు కింద వాయిస్తుంటే, మార్టిన్, ఇంజనీర్ నార్మన్ స్మిత్, టేపు చూసుకునే రిచర్డ్ లాంగమ్ మెట్ల పైనున్న కంట్రోల్ గదిలోంచి అద్దంలోనుంచి చూస్తున్నారు. టేపు మీద ఉన్నవి రెండే ట్రాకులు. వాద్యాలన్నీ ఒక దాని మీద, గొంతులన్నీ ఇంకో దాని మీద. తర్వాత కూర్చుని ఒక్కో వాద్యాన్ని సరిచేసుకునే వీలు లేదు. పాడేటప్పుడే తూకం కుదరాలి, తప్పు పడితే అందరూ మళ్లీ మొదటినుంచి అందుకోవాలి.

ఆల్బమ్‌కు పద్నాలుగు పాటలు కావాలి. రెండు సింగిళ్లకు రెండు వైపులా ఉన్న నాలుగు పాటలు 1962 సెప్టెంబరులో, నవంబరులో రికార్డు అయి చేతిలో ఉన్నాయి. మిగిలింది పది. పొద్దున 10 గంటలకు 'దేర్స్ ఎ ప్లేస్'తో మొదలుపెట్టి పది టేకులు తీశారు. తర్వాత 'సెవెంటీన్' అనే పేరుతో షీటు మీద రాసుకున్న పాట. అదే 'ఐ సా హర్ స్టాండింగ్ దేర్'గా ఎల్పీకి తొలి పాట అయింది. దాని మొదట్లో మెకార్ట్నీ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టడం వినిపిస్తుంది. పాటకు వాడింది మొదటి టేకునే గానీ, ఆ లెక్క మాత్రం తొమ్మిదో టేకులోది. నాలుగో అంకెను మెకార్ట్నీ ఆ టేకులో అంత ఊపుతో పలికాడు కాబట్టి మార్టిన్ దాన్ని కోసి తెచ్చి ఇక్కడ అతికించాడు. కుర్రాళ్ల కచేరీని ఉన్నదున్నట్టు పట్టాలనుకున్న నిర్మాత, కచేరీ మొదలయ్యే క్షణంలో ఉండే ఆ ఉద్వేగం కోసం కత్తెర వాడటానికి వెనకాడలేదన్నమాట.

ఒంటిగంటకు భోజన విరామం. స్టూడియో సిబ్బంది దగ్గర్లోని పబ్బుకు వెళ్లారు. నలుగురు కుర్రాళ్లు మాత్రం కదల్లేదు. పాలు తాగుతూ అక్కడే సాధన చేసుకున్నారు. తిండి మాని సాధన చేసే బృందాన్ని అంతకుముందు తాను చూడలేదని లాంగమ్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. మధ్యాహ్నం రెండున్నర నుంచి 'ఎ టేస్ట్ ఆఫ్ హనీ', హారిసన్ పాడిన 'డూ యూ వాంట్ టు నో ఎ సీక్రెట్', 'మిజరీ' అయ్యాయి. 'మిజరీ'ని లెనన్, మెకార్ట్నీ హెలెన్ షపీరో కోసం రాశారు. ఆమె తరఫువాళ్లు వద్దనడంతో తమ ఎల్పీలో వేసుకున్నారు.

రాత్రి ఏడున్నర తర్వాత నడిచిన సెషన్ ఆ రోజంతటికీ ఆయువుపట్టు. ముందుగా 'హోల్డ్ మీ టైట్' అనే సొంత పాటను పదమూడు టేకులు ప్రయత్నించారు. అది కుదరలేదు, పక్కన పెట్టేశారు (అదే పాటను ఆ సెప్టెంబరులో కొత్తగా పాడి రెండో ఎల్పీలో చేర్చారు). గడియారం పరుగెడుతోంది. అప్పుడు తమకు క్లబ్బుల్లో కరతలామలకమైన అమెరికన్ పాటలు ఎత్తుకున్నారు. 'అన్నా' మూడు టేకుల్లో అయింది. రింగో పాడిన 'బాయ్స్' ఒకే టేకు. 'చెయిన్స్' నాలుగు టేకులు, 'బేబీ ఇట్స్ యూ' మూడు. ఈ వేగానికి కారణం జర్మనీలోని హాంబర్గ్. 1960 నుంచి 1962 చివరి దాకా అయిదు దఫాలుగా అక్కడి క్లబ్బుల్లో రాత్రంతా వాయించి వాయించి, కళ్లు మూసుకున్నా చేతులు తప్పని స్థితికి వచ్చారు. స్టూడియోలో ఒక రోజులో అయిందని మనం ఆశ్చర్యపోయే పనికి వెనక రెండేళ్ల పైబడిన రాత్రులున్నాయి.

పది గంటల ప్రాంతంలో ఇంకొక్క పాట మిగిలింది. 'ట్విస్ట్ అండ్ షౌట్'. బర్ట్ బర్న్స్, ఫిల్ మెడ్లీ కట్టిన ఈ పాటను 1962లో ఐస్లీ బ్రదర్స్ అమెరికాలో పేరుకెక్కించారు. బీటిల్స్ కచేరీల్లో దీన్ని లెనన్ అరుస్తూ పాడేవాడు, అరవకపోతే ఆ పాట లేదు. పొద్దుట్నుంచీ జలుబుతో, జుబ్స్ గొంతు బిళ్లలు చప్పరిస్తూ, సిగరెట్లు కాలుస్తూ, పాలు తాగుతూ నెట్టుకొచ్చిన గొంతు అప్పటికి పూర్తిగా అరిగిపోయింది. దాన్ని మొదటే పాడించి ఉంటే మిగతా పాటలకు గొంతు ఉండదని మార్టిన్‌కు తెలుసు, అందుకే చివరికి ఉంచాడు. తెల్లవారుజామున వీధి భాగవతంలో ఆఖరి దరువు ఎత్తుకునే పాత్రధారి గొంతులా, ఆ టేకులో లెనన్ గొంతు చీరుకుపోతూనే శ్రుతిలో నిలబడుతుంది. ఆ గరుకును తర్వాత ఎంతమంది అనుకరించారో లెక్కలేదు, ఎవరికీ రాలేదు. రెండో టేకు కూడా మొదలుపెట్టారు గానీ అందులో పాడటానికి గొంతు మిగల్లేదు. మొదటి టేకే ఎల్పీలోకి వెళ్లింది. రాత్రి పదిన్నర దాటి పావుగంటకు దీపాలు ఆర్పారు. మూడు సెషన్లూ కలిపితే పది గంటలకు కాస్త తక్కువ.

తర్వాత జరిగింది కొద్దిపాటి మెరుగు. ఫిబ్రవరి 20న మార్టిన్ ఒక్కడే కూర్చుని 'మిజరీ'కి పియానో, 'బేబీ ఇట్స్ యూ'కి సెలెస్టా జోడించాడు. 'ప్లీజ్ ప్లీజ్ మీ' పేరుతో ఎల్పీ మార్చి 22న విడుదలైంది, మే నెలలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి వరసగా 30 వారాలు అక్కడే ఉంది. దాన్ని దించింది బీటిల్స్ రెండో ఎల్పీయే.

1964: వాషింగ్టన్ కొలీజియం

సరిగ్గా ఏడాదికి ఆ నలుగురూ మంచుతుపానులో అమెరికా రాజధానికి రైల్లో వెళుతున్నారు.

ఫిబ్రవరి 7న న్యూయార్క్‌లో దిగి, 9వ తేదీ ఆదివారం ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమంలో పాడారు. దాన్ని దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూశారని అంచనా. 11వ తేదీ మంగళవారం వాషింగ్టన్‌కు విమానంలో వెళ్లాలి. తూర్పు తీరాన్ని మంచు కమ్మేయడంతో ప్రయాణాన్ని రైలుకు మార్చుకున్నారు. వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక పెట్టె తగిలించారు. డాక్యుమెంటరీ తీస్తున్న మేజిల్స్ సోదరుల కెమెరా ఆ పెట్టెలో తిరుగుతూనే ఉంది. పత్రికల వాళ్లతో కిక్కిరిసిన ఆ ప్రయాణంలో రింగో కెమెరా సంచులు మెడ నిండా తగిలించుకుని ఫొటోగ్రాఫర్‌లా నటిస్తూ అందరినీ నవ్వించాడు. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్లో మంచులోనే వేలాది అభిమానులు ఎదురుచూశారు.

వాషింగ్టన్‌కు ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. 1963 డిసెంబరులో ఆ నగరానికి దగ్గరున్న మేరీల్యాండ్ ఊళ్లోని పదిహేనేళ్ల అమ్మాయి, టీవీ వార్తల్లో బీటిల్స్‌ను చూసి, ఇలాంటి పాటలు మన దగ్గర ఎందుకు వినిపించవని స్థానిక రేడియో డబ్ల్యూడబ్ల్యూడీసీకి ఉత్తరం రాసింది. అక్కడి అనౌన్సర్ క్యారల్ జేమ్స్ బ్రిటన్ నుంచి 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్' రికార్డు తెప్పించి, ఆ అమ్మాయి చేతనే పరిచయం చేయించి వేశాడు. ఫోన్లు ఆగలేదు. జనవరిలో ఆ రికార్డు విడుదల చేద్దామనుకున్న కాపిటల్ కంపెనీ దాన్ని డిసెంబరు 26కే ముందుకు జరిపింది. బీటిల్స్ అమెరికా చేరేసరికి వాళ్ల పాట పట్టికలో మొదటి స్థానంలో ఉందంటే, ఆ ఉత్తరానికి అందులో కొంత వాటా ఉంది. కచేరీ నాడు క్యారల్ జేమ్స్ కొలీజియంలో నలుగురినీ ఇంటర్వ్యూ చేశాడు.

కొలీజియం అంటే కచేరీ మందిరం కాదు. 1941లో యూలైన్ అరీనా పేరుతో ఐస్ హాకీ కోసం కట్టిన కట్టడం. మధ్యలో మల్లయుద్ధపు బరి లాంటి వేదిక, నాలుగు వైపులా ప్రేక్షకులు, 8,092 మంది. ఇంతమంది ముందు ఎటు తిరిగి పాడాలి? ప్రతి మూడు నాలుగు పాటలకోసారి దిక్కు మార్చి పాడటమే దారి అనుకున్నారు. గిటార్ల వాళ్లు నడిచి వెళ్లి వేరే మైకుల ముందు నిలబడతారు. డ్రమ్స్ మాత్రం గుండ్రని తిరుగుడు పీట మీద ఉన్నాయి. ఆ పీట మొరాయించింది. కచేరీ నడిమధ్య రింగో లేచి, సహాయకుడు మాల్ ఎవాన్స్‌తో కలిసి పీటను తోసుకుంటూ తిప్పుకోవడం ఆనాటి చిత్రంలో కనిపిస్తుంది. ఈ కాలపు కచేరీల్లో వందల మంది సిబ్బంది చేసే పని అది. ప్రపంచంలోనే పేరుమోసిన బృందం తన సామాను తనే సర్దుకుంది.

హారిసన్ పాడిన 'రోల్ ఓవర్ బీథోవెన్'తో మొదలైంది. అతని మైకు మొదట్లో సరిగా పలకలేదు. మొత్తం పన్నెండు పాటలు. అందులో 'ఐ సా హర్ స్టాండింగ్ దేర్', 'ట్విస్ట్ అండ్ షౌట్' కూడా ఉన్నాయి. ఏడాది కిందట అదే తేదీన లండన్ స్టూడియోలో, అద్దం వెనక ముగ్గురు మనుషులు తప్ప వినేవాడు లేకుండా పాడిన పాటలు ఇప్పుడు ఎనిమిది వేల మంది అరుపుల కింద మునిగి తేలాయి. స్టేజి మీద వాళ్లకు తిరిగి తమ గొంతులు వినిపించే మానిటర్లు అప్పట్లో లేవు. ఒకరినొకరు చూసుకుంటూ, ఎక్కువగా రింగో భుజాల కదలికను చూసి లయ పట్టుకుంటూ వాయించారు.

ఈ కచేరీని సీబీఎస్ సంస్థ చిత్రీకరించింది. మార్చి 14, 15 తేదీల్లో బీచ్ బాయ్స్, లెస్లీ గోర్ పాటలతో కలిపి అమెరికాలోని సినిమా హాళ్లలో క్లోజ్డ్ సర్క్యూట్ ద్వారా చూపించారు. ఆ నలుపు తెలుపు బొమ్మలు నేటికీ ఉన్నాయి, చూసి తీరవలసినవి. రింగోను సగటు డ్రమ్మర్ అని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రాత్రి అతను తల ఊపుతూ, తాళాల్ని పగిలేలా మోగిస్తూ, మిగతా ముగ్గుర్నీ భుజాన వేసుకుని నడిపించిన తీరు చూశాక ఆ మాట అనడం కష్టం. నలుగురు కలిసి వాయించిన కచేరీల్లో ఇంత ఆనందం కనిపించేది ఇంకోటి నాకు తెలిసి లేదు.

మిఠాయి బిళ్లల దెబ్బలు కూడా ఆ రాత్రి మొదలయ్యాయి. హారిసన్‌కు జెల్లీ బేబీలు ఇష్టమని బ్రిటన్ పత్రికల్లో వచ్చిన మాట అట్లాంటిక్ దాటింది. బ్రిటన్‌లో అవి మెత్తగా ఉంటాయి. అమెరికా అభిమానులు విసిరినవి గట్టి పెంకుండే జెల్లీ బీన్స్. అన్ని వైపుల నుంచీ వడగళ్లలా వచ్చి తగిలాయని, వేదికకు నాలుగు దిక్కులా జనమే కనుక తప్పించుకునే చోటు లేకపోయిందని హారిసన్ తర్వాత చెప్పుకున్నాడు. కచేరీ ముగిశాక బ్రిటిష్ రాయబార కార్యాలయంలో విందు ఏర్పాటైంది. అక్కడ అతిథుల్లో ఎవరో వెనకనుంచి వచ్చి రింగో జుట్టు కత్తిరించారు. ఆ అవమానం నలుగురికీ గట్టిగా తగిలింది. అలాంటి అధికారిక విందులకు ఇకమీదట పోకూడదనుకున్నారు.

కొలీజియం భవనం ఆ తర్వాత క్రమంగా పాడుబడి, కొంతకాలం చెత్త తరలించే కేంద్రంగా, మరికొంతకాలం కార్ల పార్కింగుగా మిగిలింది. 2016 నుంచి అందులో ఆర్‌ఈఐ అనే పర్వతారోహణ, ట్రెక్కింగ్ సామాన్ల దుకాణం నడుస్తోంది.

1965: కాక్స్‌టన్ హాలు

1965 ఫిబ్రవరి 11 గురువారం పొద్దున్నే, విలేకరులు మేలుకోకముందు, లండన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లోని కాక్స్‌టన్ హాలు రిజిస్ట్రార్ ఆఫీసులో రింగో స్టార్, మోరీన్ కాక్స్ పెళ్లి చేసుకున్నారు. అతనికి 24, ఆమెకు 18. లివర్‌పూల్‌లో క్షౌరశాలలో పనిచేసే మోరీన్, కావర్న్ క్లబ్బు కాలం నుంచి ఈ బృందాన్ని చూస్తూ వచ్చిన అమ్మాయి. మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ తోడుపెళ్లికొడుకు. లెనన్, అతని భార్య సింథియా, హారిసన్ హాజరయ్యారు. మెకార్ట్నీ ట్యునీషియాలో సెలవు గడుపుతున్నాడు. కొత్త దంపతులు ఇంగ్లండ్ దక్షిణ తీరాన హోవ్ పట్టణానికి వెళ్లారు. అక్కడా పత్రికల వాళ్లు వచ్చి పడ్డారు. ఆ నెల 15న రింగో మళ్లీ స్టూడియోలో 'టికెట్ టు రైడ్' వాయిస్తున్నాడు. ఆ సెప్టెంబరులో పుట్టిన వీరి పెద్ద కొడుకు జాక్ స్టార్కీ పెద్దయ్యాక డ్రమ్మరై, ద హూ బృందంతో ఏళ్ల తరబడి వాయించాడు. ఈ దంపతులు 1975లో విడిపోయారు.

1968: అదే పది గంటలు, ఒకే పాట

మధ్యలో గడిచిన మూడేళ్లలో స్టూడియో బీటిల్స్‌కు ఇల్లయింది. 1966 ఆగస్టులో కచేరీలు మానేశారు. 'సార్జంట్ పెప్పర్' ఎల్పీకి అయిదు నెలలు పట్టింది. అందులో 'ఎ డే ఇన్ ద లైఫ్' పాట కోసం 1967 ఫిబ్రవరి 10న, ఈ తేదీకి ఒక్క రోజు ముందు, నలభై మంది ఆర్కెస్ట్రా వాద్యగాళ్లను పిలిపించారు. నలభై మంది ఒక పూటంతా ఒకే పాటలోని ఒక భాగం కోసం పనిచేశారు. మరుసటి ఆగస్టులో ఎప్‌స్టీన్ చనిపోయాడు. రోజు ఎలా గడపాలో చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

1968 ఫిబ్రవరి నాటికి నలుగురూ మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి, రిషికేశ్‌కు ప్రయాణమవుతున్నారు. వెళ్లే ముందు 'లేడీ మడోన్నా' సింగిల్ సిద్ధం చేసి పెట్టాలి. ఆ సింగిల్ వెనక వైపుకు హారిసన్ పాట 'ది ఇన్నర్ లైట్' వచ్చింది. దాని వాద్యాల భాగాన్ని జనవరిలో బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో, ఆశిష్ ఖాన్ సరోద్‌తో సహా మన వాద్యగాళ్లు వాయించారు. బీటిల్స్ సింగిల్ మీద హారిసన్ రాసిన పాట రావడం అదే తొలిసారి.

ఫిబ్రవరి 11 ఆదివారం 'లేడీ మడోన్నా' ప్రచార చిత్రం తీయాలి. బీటిల్స్ ఆబీ రోడ్ మూడో నంబరు స్టూడియోలో పాడుతున్నట్టు పెదవులు కదిపితే, టోనీ బ్రామ్‌వెల్ బృందం కెమెరాలో పట్టుకోవాలి. ఉత్తుత్తి పాటకు వాయిస్తూ పూట గడపడమెందుకు, నిజంగానే ఒక కొత్త పాట చేద్దామని మెకార్ట్నీ అన్నాడు. 'యెల్లో సబ్‌మెరీన్' యానిమేషన్ చిత్రానికి ఎలాగూ ఇంకో పాట ఇవ్వాల్సి ఉంది. లెనన్ దగ్గర సగం రాసిన పాట ఉంది. అప్పటికి దాని కాగితం మీద ఉన్నది కుక్క పేరు కాదు, కప్ప పేరు. పాడుతుండగా చివర్లో మెకార్ట్నీ కుక్కలా మొరగడం మొదలుపెట్టాడు. లెనన్‌కు నవ్వాగలేదు, తనూ అందుకున్నాడు. పాట పేరు 'హే బుల్‌డాగ్' అయింది. ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్, నిర్మాత మార్టినే. లెనన్ పియానో, మెకార్ట్నీ చెంగుచెంగున ఎగిరే బేస్, హారిసన్ కరకరమనే గిటార్. పది టేకులు. మధ్యాహ్నం 4 గంటలకు మొదలైన సెషన్ రాత్రి 2 గంటలకు ముగిసింది.

ఇక్కడ 1963 సోమవారాన్ని మళ్లీ గుర్తు చేసుకోవాలి. అప్పుడూ పది గంటల దగ్గరే, ఇప్పుడూ పది గంటలే. అప్పుడు పది పాటలు మిగిలాయి, ఇప్పుడు ఒకటి. అలా అని 1968లో పని మందగించిందనుకుంటే పొరపాటు. ఒక్క పాటను రోజుల తరబడి చెక్కుతున్న ఆ రోజుల్లో, ఒకే సెషన్లో రాత మిగిలిన భాగం పూర్తి చేసి, వాయించి, అదనపు ట్రాకులు కలిపి, మిక్స్ కూడా చేసి ముగించడం అరుదు. కెమెరాలు ఎదురుగా ఉండటం, ప్రయాణం దగ్గరపడటం, నలుగురూ ఒకే గదిలో ఉండటం కలిసి ఆ రోజు హాంబర్గ్ కుర్రాళ్లను వెనక్కి పిలిచాయి. పాట చివర్లో వాళ్ల నవ్వు నటన కాదని వింటేనే తెలుస్తుంది. ఆ తర్వాత రిషికేశ్‌లో పుట్టిన పాటలతో తయారైన 'వైట్ ఆల్బమ్' సెషన్లలో ఒక్కొక్కరూ ఒక్కో గదిలో పనిచేసుకున్న రోజులున్నాయి, రింగో కొన్నాళ్లు అలిగి వెళ్లిపోయిన సందర్భమూ ఉంది. ఫిబ్రవరి 11 ఆ ఎడబాటుకు ఇవతలి ఒడ్డు.

నాలుగు రోజుల తర్వాత లెనన్, హారిసన్ ఢిల్లీకి బయలుదేరారు. మిగతా ఇద్దరూ కొద్ది రోజులకే వెళ్లారు. ఆ ఆదివారం తీసిన బొమ్మల్ని 'లేడీ మడోన్నా' పాటకే అతికించి ప్రపంచానికి చూపించారు. పెదవులు, వేళ్లు కదిలేది ఒక పాటకైతే వినిపించేది ఇంకో పాట. అమెరికాలో విడుదలైన 'యెల్లో సబ్‌మెరీన్' ప్రతి నుంచి 'హే బుల్‌డాగ్' దృశ్యాన్ని తొలగించడంతో ఆ పాట మరీ మరుగున పడింది. 1999లో ఆ చిత్రాన్ని పునరుద్ధరించినప్పుడు దృశ్యం తిరిగి చేరింది. అదే సమయంలో పాత ఫిల్ము డబ్బాలు తెరిచి, 1968 నాటి బొమ్మల్ని వాటి అసలు పాటతో జత చేశారు. ముప్ఫై ఒక్క ఏళ్లకు వేళ్లూ స్వరాలూ కలిశాయి.

1970: బి.బి.సి.లో లెనన్

1969 సెప్టెంబరులోనే లెనన్ తాను బృందం నుంచి బయటికి వెళుతున్నట్టు మిగతావాళ్లకు చెప్పేశాడు. వ్యాపార కారణాల వల్ల బయట చెప్పలేదు. 1970 జనవరి 27 పొద్దున లేచి 'ఇన్‌స్టంట్ కర్మా' పాట రాసి, ఆ సాయంత్రం ఆబీ రోడ్‌కు వెళ్లి రికార్డు చేసేశాడు. ఫిల్ స్పెక్టర్ నిర్మాత, హారిసన్ గిటార్ వాయించాడు. ఫిబ్రవరి 6న అది బ్రిటన్ అంగళ్లలో ఉంది. రాయడం నుంచి రికార్డు అమ్మకం దాకా పది రోజులు.

ఫిబ్రవరి 11 బుధవారం బి.బి.సి. వారి 'టాప్ ఆఫ్ ద పాప్స్' కార్యక్రమం కోసం ఆ పాటను చిత్రీకరించారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న లెనన్ డెనిమ్ చొక్కాతో ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చున్నాడు. బేస్ క్లౌస్ ఫూర్‌మన్, డ్రమ్స్ ఆలన్ వైట్. పక్కన లెనన్ రెండో భార్య యోకో ఓనో కళ్లకు గంతలు కట్టుకుని అల్లిక అల్లుతోంది. టాంబరీన్ పట్టుకుని వాయిస్తున్న మనిషి మాల్ ఎవాన్స్, ఆరేళ్ల కిందట వాషింగ్టన్‌లో రింగో పీట తిప్పినవాడు. బీటిల్స్‌లో ఎవరైనా ఆ కార్యక్రమంలో స్వయంగా పాల్గొనడం 1966 జూన్ తర్వాత అదే. మరుసటి రోజు అది ప్రసారమైంది. ఇంకో రెండు నెలలకు, ఏప్రిల్ 10న, మెకార్ట్నీ మాటలతో బీటిల్స్ ముగిసిందని పత్రికలన్నీ రాశాయి.

ఇందులో గమనించదగ్గది వేగం. ఒక పూటలో రాసి, ఆ సాయంత్రమే పాడి, వెంటనే విడుదల చేయాలనే తొందర 1963 నాటిది. అయిదు నెలల ఎల్పీలు, గదికొకరు పద్ధతీ రుచి చూశాక లెనన్ మళ్లీ ఆ పద్ధతికే వచ్చాడు. ఈసారి హారిసన్ తప్ప మిగతా ఇద్దరూ పక్కన లేరు.

2013: మళ్లీ ఒక సోమవారం

తొలి ఎల్పీకి యాభై ఏళ్లు నిండిన 2013లో ఫిబ్రవరి 11 మళ్లీ సోమవారమే వచ్చింది. బి.బి.సి. ఆ రోజున ఆబీ రోడ్‌లోనే అప్పటి పాటల్ని ఒక్క రోజులో తిరిగి రికార్డు చేయించింది. స్టీరియోఫోనిక్స్ బృందం, జాస్ స్టోన్, మిక్ హక్‌నల్ వంటి పేరున్నవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో పాట ఇచ్చారు. తమ పాటకు గొంతు దాచుకుని, విశ్రాంతి తీసుకుని వచ్చే వీలు వాళ్లందరికీ ఉంది. అసలు రోజున పాడిన నలుగురికీ ఆ వీలు లేదు, పొద్దున ఎత్తుకున్న గొంతులే రాత్రి పదకొండు కావస్తుండగా 'ట్విస్ట్ అండ్ షౌట్' పాడాలి. ఆబీ రోడ్ భవనాన్ని 2010లో బ్రిటన్ ప్రభుత్వం పరిరక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. రెండో నంబరు స్టూడియోలో పాటలు, సినిమా సంగీతం నేటికీ రికార్డు అవుతూనే ఉన్నాయి.